వెనకబడినవారి నడకే కొలత

తెలవారుతూండగానే హైదరాబాదు కేబీఆర్ పార్కు గేటు దగ్గర, విశాఖ ఆర్కే బీచ్ రోడ్డు మీద, జిల్లా కేంద్రాల కాలేజీ మైదానాల్లో, ఊళ్ళల్లో హైస్కూలు ఆవరణల్లో జనం జట్లుజట్లుగా చేరడం ఇవాళ మనకు మామూలైపోయింది. వాకర్స్ క్లబ్బుల పెద్దవాళ్ళు, యోగా బృందాలు, లాఫింగ్ క్లబ్బులు, పోలీసు ఉద్యోగాల కోసం పరుగు సాధన చేసే కుర్రాళ్ళు, అందరికీ పొద్దుటి వేళ మైదానమే కూడలి. ఉగాది దాటి ఎండలు ముదిరేసరికి ఈ జట్లలో రెండు ధోరణులు కనిపిస్తాయి. వానలు పడేదాకా మానేద్దామని కొందరంటారు. చలికాలంలో ఏ వేళకు వచ్చామో ఆ వేళకే రావాలి, ఎన్ని రౌండ్లు తిరిగామో అన్నీ తిరగాలి, క్రమశిక్షణంటే అదేనని మరికొందరంటారు. ఈ రెండూ పొరపాటేనని నా వాదన. వేసవిలో ఆరుబయట వ్యాయామం మానాల్సిన పని లేదు. అయితే జట్టు తన వేళనూ వేగాన్నీ మార్చుకుని తీరాలి. ఆ వేగాన్ని నిర్ణయించే హక్కు అందరికంటే ముందు నడిచేవారిది కాదు, అందరికంటే వెనక నడిచేవారిది. ఇలా ఎందుకంటున్నానో ఒంటి లెక్కలతో మొదలుపెట్టి చెబుతాను.

కండరం పనిచేసేటప్పుడు ఖర్చుపెట్టే శక్తిలో సుమారు నాలుగో వంతే కదలికగా మారుతుంది. మిగిలిందంతా వేడే. 70 కిలోల మనిషి గంటసేపు చురుగ్గా నడిస్తే దాదాపు 300 కిలోకెలోరీలు ఖర్చవుతాయి. అందులో 225 దాకా వేడిగా మారి ఒంట్లోనే పుడుతుంది. ఆ వేడి బయటికి పోయే దారి అసలు లేదనుకుంటే గంటలో ఒంటి ఉష్ణోగ్రత నాలుగు డిగ్రీల దాకా పెరుగుతుంది. 37 దగ్గర ఉండాల్సిన ఒళ్ళు 41కి చేరుతుంది. 40 డిగ్రీలు దాటి, మెదడు పని తప్పడం మొదలైతే దాన్నే వైద్యులు వడదెబ్బ అంటారు. అంటే సూర్యుడితో నిమిత్తం లేకుండానే మన నడక మనల్ని ప్రమాదం అంచుకు తీసుకుపోగలదు. రోజూ అలా జరగకుండా కాపాడుతున్నవి రెండు. గుండె వేడి రక్తాన్ని చర్మం దాకా పంపుతుంది. అక్కడ చెమట ఆరుతూ ఆ వేడిని తీసుకుపోతుంది. లీటరు చెమట పూర్తిగా ఆరితే సుమారు 580 కిలోకెలోరీల వేడి పోతుంది కాబట్టి గంట నడకకు అర లీటరు కూడా అక్కర్లేదు. కాకపోతే చెమట ఆరాలి. కారి నేలపాలైన చెమట, బనీనులో నానిపోయిన చెమట ఒంటిని చల్లబరచలేవు. పైగా వేసవిలో గుండెకు రెండు పనులు ఒకేసారి పడతాయి. కాళ్ళ కండరాలకు రక్తం పంపాలి, చల్లబరచడానికి చర్మానికీ పంపాలి. చెమటతో నీరు పోయేకొద్దీ పంపడానికి ఉన్న రక్తమే తగ్గుతుంది. అందుకే జనవరిలో హాయిగా అనిపించిన వేగానికే మే నెలలో గుండె దడదడలాడుతుంది.

చెమట ఆరడమే కీలకం కనుక, గాలిలో తేమ ఎంత ఉందన్నది ఎండ ఎంత ఉందన్నదానికంటే పెద్ద ప్రశ్న అవుతుంది. రామగుండంలోనో రెంటచింతలలోనో పొడిగాలికి మట్టికుండలో నీళ్ళు చల్లగా ఉంటాయి, అదే కుండను కాకినాడ తీరంలో పెడితే అంత చల్లబడవు. మన ఒళ్ళూ అంతే. ఇక్కడే పొద్దుటి వేళ గురించి మనకున్న ఒక నమ్మకాన్ని సవరించుకోవాలి. రోజులో ఉష్ణోగ్రత అన్నిటికంటే తక్కువగా ఉండేది సూర్యోదయం వేళకే, నిజమే. గాలిలో తేమ శాతం అన్నిటికంటే ఎక్కువగా ఉండేదీ ఆ వేళకే. ఫోన్‌లో 28 డిగ్రీలని చూసి చల్లగానే ఉందనుకుంటాం, కోస్తాలో మాత్రం పది నిమిషాల నడకకే చొక్కా తడిసి ముద్దవుతుంది. ఈ తేడాను కొలిచే పద్ధతి కొత్తదేమీ కాదు. అమెరికాలోని పారిస్ ఐలండ్ శిక్షణ కేంద్రంలో కొత్తగా చేరిన సైనికులు వేడికి కుప్పకూలుతుంటే 1950ల్లో అక్కడ ఒక సూచీని వాడుకలోకి తెచ్చారు. అందులో తేమ ప్రభావానికి 70 శాతం, ఎండ నుంచీ నేల నుంచీ వచ్చే సెగకు 20 శాతం, మామూలు గాలి ఉష్ణోగ్రతకు 10 శాతం విలువ ఇచ్చారు. ఆ సూచీని బట్టి కసరత్తు తగ్గించడం, ఆపడం మొదలయ్యాక వడదెబ్బ కేసులు బాగా తగ్గాయి. మనం ఫోన్‌లో చూసి ధైర్యం తెచ్చుకునే అంకె ఈ లెక్కలో పదో వంతేనన్నమాట. మన వాతావరణ శాఖ కూడా వడగాలుల ప్రకటనకు మైదాన ప్రాంతాల్లో కనీసం 40 డిగ్రీలు ఉండాలంటుంది, తీరంలో మాత్రం 37 దగ్గరే ఆలోచించడం మొదలుపెడుతుంది.

వేళ సంగతికి వస్తే, మనం గడియారాన్ని నమ్ముతాం, సూర్యుడు మాత్రం గడియారం చూసి రాడు. దేశమంతటికీ ఒకటే కాలమానం. దానికి ఆధారమైన రేఖాంశం కాకినాడకు దగ్గరగా పోతుంది. విశాఖ దానికి కాస్త తూర్పున ఉంది, హైదరాబాదు బాగా పడమరన ఉంది. అందుకే మే చివర్లో విశాఖలో సుమారు 5 గంటల 20 నిమిషాలకే పొద్దు పొడుస్తుంది, హైదరాబాదులో 5 గంటల 40 నిమిషాలవుతుంది. అదే హైదరాబాదులో జనవరిలో సూర్యోదయం 6 గంటల 45 నిమిషాలు దాటాకే. ఏడు గంటలకు మొదలయ్యే జట్టు జనవరిలో అప్పుడప్పుడే వస్తున్న నీరెండలో నడుస్తుంది. మే నెలలో అదే ఏడు గంటలకు గంటా ఇరవై నిమిషాలుగా కాసిన ఎండలో నడుస్తుంది. జట్టు వేళ మార్చలేదు కాబట్టి ఏమీ మారలేదనుకోవడం భ్రమ. వేసవిలో జట్టు సూర్యోదయానికి అరగంట ముందు మొదలుపెట్టి, సూర్యోదయమైన ముప్పావు గంటలోపు ముగించుకోవాలని నేనంటాను. తారురోడ్డు, సిమెంటు ప్రహరీలు రాత్రంతా సెగ వదులుతూనే ఉంటాయి కనుక చెట్లున్న మట్టి బాట దొరికితే రోడ్డు వదిలెయ్యాలి.

ఎండాకాలం రాగానే మానేద్దామనేవారికి శరీరధర్మమే జవాబు చెబుతుంది. ఒంటికి వేడిని అలవాటు చేసుకునే శక్తి ఉంది. రోజూ కొంతసేపు వేడిలో తేలికపాటి శ్రమ చేస్తే వారం, రెండు వారాల్లో మార్పు వస్తుంది. రక్తంలో ద్రవభాగం పెరుగుతుంది, చెమట ముందుగానే మొదలవుతుంది, ఆ చెమటలో ఉప్పు తక్కువ పోతుంది, అదే వేగానికి గుండె తక్కువసార్లు కొట్టుకుంటుంది. ఈ సంగతి ప్రపంచం ప్రాణాలు ఖర్చుపెట్టి నేర్చుకుంది. దక్షిణాఫ్రికాలో లోతైన బంగారు గనుల్లో 1920ల నుంచి కూలీలు వడదెబ్బకు చనిపోతుంటే, కొత్తవాళ్ళను మెల్లమెల్లగా వేడికి అలవాటు చేసి గనిలోకి దింపే పద్ధతి పెట్టాల్సి వచ్చింది. 2001లో అమెరికాలో కోరీ స్ట్రింగర్ అనే ఫుట్‌బాల్ ఆటగాడు, 27 ఏళ్ళ బలశాలి, వేసవి సాధన శిబిరం మొదలైన రోజుల్లోనే వడదెబ్బతో ప్రాణం కోల్పోయాడు. 2003 నుంచి అక్కడి కాలేజీ ఫుట్‌బాల్‌లో మొదటి ఐదు రోజులు సాధనను అంచెలంచెలుగా పెంచాలన్న నిబంధన వచ్చింది. మార్చి నుంచి కొద్దికొద్దిగా చేస్తూ మేలోకి వచ్చినవాడికి ఈ రక్షణ దక్కుతుంది. ఏప్రిల్, మే మానేసి రోహిణి కార్తెలో ఉత్సాహం పుట్టి మైదానానికి వచ్చినవాడికి అది ఉండదు. సెలవులకు అమెరికా నుంచి వచ్చిన కొడుకుకీ, పగలంతా ఏసీ గదిలో పనిచేసే ఉద్యోగికీ కూడా ఉండదు. వాళ్ళను మొదటి రోజే పాత సభ్యులతో సమానంగా నడిపించడం ఆప్యాయత అనిపించుకోదు. మొదటి రోజు ఇరవై నిమిషాలు చాలు. తక్కినది రెండు వారాల్లో పెంచుకోవచ్చు.

ఇక జట్టు సంగతి. ఒంటరిగా చేసేవారికంటే పదిమందితో కలిసి చేసేవారు అలవాటు నిలుపుకుంటారని అందరికీ తెలుసు. జట్టుకు ఇంకో బలం కూడా ఉంది. 1920ల్లో ఒట్టో కోలర్ అనే జర్మన్ మనస్తత్వవేత్త బెర్లిన్‌లో పడవ పందేల క్లబ్బు సభ్యులతో బరువు ఎత్తించి పరీక్షలు చేశాడు. ఇద్దరు కలిసి ఎత్తుతూ, ఒకరు వదిలేస్తే ఇద్దరూ ఆపాల్సిన పరిస్థితి ఉంటే, బలహీనుడు తాను ఒంటరిగా ఎత్తగలిగినదానికంటే ఎక్కువసేపు ఓర్చుకున్నాడు. తనవల్ల పక్కవాడు ఓడిపోకూడదన్న పట్టుదల అతణ్ణి నిలబెట్టింది. చలికాలం పొద్దుట ఇది వరమే. ఉక్కపోతలో ఇదే బలం ప్రమాదంగా మారుతుంది. ఒంటరిగా నడుస్తుంటే తల తిరగగానే అరుగు మీద కూలబడే మనిషి, నలుగురి మధ్య నామోషీపడి మరో రౌండు లాక్కొస్తాడు. పోటీ కూడా తోడైతే ఇంకా ప్రమాదం. 2024 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో జార్ఖండ్‌లో ఎక్సైజ్ కానిస్టేబుళ్ళ ఎంపికకు గంటలో 10 కిలోమీటర్ల పరుగు పెట్టారు. పది మందికి పైగా యువకులు చనిపోయారు. కారణాల మీద రకరకాల వాదనలు వచ్చాయి గానీ, ఆ రాష్ట్ర ప్రభుత్వం పరుగును కొన్నాళ్ళు ఆపి, ఉదయం 9 దాటాక పరిగెత్తించవద్దని ఆదేశించింది. ఉద్యోగం పోతుందన్న భయం ఉన్నచోట ఒళ్ళు చెప్పే మాట ఎవరికీ వినిపించదు. మన మైదానాల్లో ఉద్యోగం పోదు, పరువు పోతుందన్న భయం మాత్రం పనిచేస్తుంది.

అయినా నేను జట్టునే సమర్థిస్తాను. వడదెబ్బ తగులుతున్న మనిషి ఆ సంగతి గుర్తించే స్థితిలో ఉండడు. వేడి మొదట దెబ్బతీసేవాటిలో మెదడు ఒకటి. చిరాకు, తడబడే అడుగు, పొంతన లేని మాట, అడిగినదానికి ఆలస్యంగా జవాబు చెప్పడం, ఇవన్నీ బయటివాళ్ళకు కనిపిస్తాయి, అతనికి తెలియవు. బాగానే ఉన్నాను, పర్వాలేదనే అంటాడు. తెలివి తప్పుతున్న మెదడు తన తెలివికి తానే సాక్ష్యం చెప్పలేదు కదా. అతణ్ణి రోజూ చూసే మనిషి, అతని మామూలు నడక ఎలా ఉంటుందో, మామూలు మాట ఎలా ఉంటుందో ఎరిగిన మనిషి పక్కన ఉండాలి. అది జట్టు మాత్రమే ఇవ్వగల రక్షణ. కాబట్టి ఒకే జట్టు మనిషిని శక్తికి మించి లాగనూగలదు, పడిపోకుండా పట్టుకోనూగలదు. లాగుతుందా, పట్టుకుంటుందా అన్నది అది ఎవరి వేగాన్ని కొలతగా పెట్టుకుందన్నదాని మీద ఆధారపడుతుంది. వేగంగా నడిచేవాళ్ళు కొలత అయితే, వెనకబడినవాళ్ళు ఎవరి కంటికీ కనబడరు. చివరి మనిషి మామూలుగా మాట్లాడుతూ నడవగల వేగం కొలత అయితే, జట్టంతా ఒకరి కంటికి ఒకరు అందుతారు. మాట ఆగిందంటే వేగం ఎక్కువైందని అర్థం. దీనికి ఏ యంత్రమూ అక్కర్లేదు.

చివరి మనిషి ఎవరో కూడా ఆలోచించాలి. మన పొద్దుటి జట్లలో చాలామంది అరవై దాటినవారే. వయసు పెరిగేకొద్దీ దాహం మందగిస్తుంది, చెమట పట్టడం తగ్గుతుంది, చర్మానికి రక్తం చేరవేసే శక్తీ తగ్గుతుంది. రక్తపోటుకు వాడే కొన్ని మాత్రలు మూత్రం ఎక్కువ పోయేలా చేస్తాయి, కొన్ని గుండె వేగం పెరగకుండా ఆపుతాయి. మధుమేహం ఎక్కువకాలం ఉన్నవారికి చెమటను నడిపించే నరాలు దెబ్బతినవచ్చు. రాత్రి ఉక్కపోతకు నిద్ర పట్టకపోతే, ఒళ్ళు కోలుకోకుండానే మళ్ళీ శ్రమకు దిగుతుంది. ఇవేవీ పైకి కనిపించవు. అందుకే ఎవరికి ఏ జబ్బుందో, ఏ మందులు వాడుతున్నారో జట్టులో కనీసం ఇద్దరికైనా తెలిసి ఉండాలి. మందుల మోతాదు, వేసవి వ్యాయామం గురించి డాక్టరును ఒకసారి అడిగి రమ్మని పెద్దవాళ్ళకు చెప్పాలి. మాత్రలు తమంతట తాము మానేయడం మాత్రం మహా ప్రమాదం.

ఇక్కడ ఒక అభ్యంతరం బలంగా వినిపిస్తుంది. మిట్టమధ్యాహ్నం రోళ్ళు పగిలే ఎండలో కూలీలు మట్టి మోస్తుంటే, పొద్దుటి పూట గంట నడకకు ఇన్ని జాగ్రత్తలా అని. ఈ మాటలో న్యాయమైన కోపం ఉంది. కానీ కష్టజీవుల అనుభవం నా వాదననే బలపరుస్తోంది. పల్లెల్లో వేసవి పనులకు తెల్లవారుజామునే వెళ్ళి, ఎండ ముదరకముందే ఇంటికి చేరుకోవడం తరాలుగా ఉన్న పద్ధతి. ఉపాధి హామీ పనుల్లో మన దగ్గర వేసవి భత్యం పెట్టారు. ఎండ తీవ్రతను బట్టి చేయాల్సిన పని కొలతను ఏప్రిల్, మే నెలల్లో 30 శాతం దాకా తగ్గించి, కూలి మాత్రం తగ్గించకుండా ఇవ్వడం దాని ఉద్దేశంగా ఉండేది. మండుటెండకు అలవాటుపడిన ఒళ్ళకే పని తగ్గించాలని ప్రభుత్వం గుర్తించినప్పుడు, ఏసీ గది నుంచి నేరుగా మైదానానికి వచ్చే ఒళ్ళు తన రౌండ్లు తగ్గించుకోవడం నామోషీ ఎలా అవుతుంది? పైగా కూలీలకు ఏమీ కాదనుకోవడం అబద్ధం. 2015 మే నెలలో వడగాలులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో ఎండలో పనిచేసే పేదలు ఎందరో ఉన్నారు. వాళ్ళకు నీడ, నీళ్ళు, విశ్రాంతి కావాలని అడగడానికీ, మన జట్టు తెలివిగా నడవడానికీ వైరుధ్యం లేదు. రెండింటికీ మూలం ఒకటే, వేడి ముందు మనిషి ఒంటికి హద్దులున్నాయని ఒప్పుకోవడం.

బలంగా ఉన్నవాళ్ళ అభ్యంతరం వేరు. చివరివారి వేగంతో నడిస్తే మాకు వ్యాయామమే కాదంటారు. అందుకు దారి ఉంది. చురుకైనవాళ్ళు ముందుకు వెళ్ళి, కొంత దూరం పోయాక వెనక్కి తిరిగి చివరి మనిషిని కలుసుకుని మళ్ళీ ముందుకు వెళ్ళవచ్చు. వాళ్ళ శ్రమ వాళ్ళకు దక్కుతుంది, వెనకున్నవారిపై ప్రతి రెండు మూడు నిమిషాలకూ ఒక చూపు పడుతుంది. పోలీసు ఉద్యోగాలకు తయారయ్యే కుర్రాళ్ళు గట్టి పరుగును వారానికి రెండు రోజులకు పరిమితం చేసి, ఆ రెండు రోజులూ తెల్లవారకముందే ముగించుకోవాలి. సూర్యనమస్కారాలు చేయించే గురువులు వేసవిలో వాటి సంఖ్య తగ్గించి, మధ్యమధ్య నీడలో కూర్చోబెట్టాలి. బాగా చెమట పడితే బాగా కొవ్వు కరుగుతుందన్న మాటను మాత్రం జట్టు పెద్దలే ఖండించాలి. చెమట అంటే నీరూ ఉప్పూ. వ్యాయామం తర్వాత తూకంలో తగ్గింది నీరు, తాగగానే తిరిగి వస్తుంది. ప్లాస్టిక్ జాకెట్లు తొడుక్కుని చెమట పట్టించుకోవడం చెమట ఆరే ఒక్క దారినీ మూసుకోవడమే.

సాయంత్రం చేసుకోవచ్చు కదా, లేకపోతే ఇంట్లోనో జిమ్‌లోనో చేసుకోవచ్చు కదా అని కూడా అడుగుతారు. సాయంత్రం సముద్రపుగాలి వీచే తీరంలో కొందరికి ఆ వేళ బాగానే ఉంటుంది. లోపలి జిల్లాల్లో మాత్రం మే నెల సాయంత్రం ఆరింటికి కూడా నేలా గోడలూ సెగలు కక్కుతుంటాయి, చల్లబడేసరికి రాత్రవుతుంది. ఏసీ జిమ్ము అందరికీ అందేది కాదు. ఫ్యాను లేని మూసిన గదిలో చేసే కసరత్తు చెట్టు కింద చేసేదానికంటే ప్రమాదం, ఎందుకంటే అక్కడ చెమట ఆరడానికి గాలే ఉండదు. వడగాలుల హెచ్చరిక ఉన్న రోజున, రాత్రంతా ఉక్కపోత వదలని రోజున, జ్వరమో విరేచనాలో వచ్చి తగ్గిన రోజుల్లో ఇంట్లో ఫ్యాను కింద తేలికపాటి ఆసనాలే మేలు. ఆ రోజు రాకపోవడం జట్టుకు ద్రోహం కాదని జట్టే ముందుగా ప్రకటించాలి. ఆ మాట బయటికి చెప్పని జట్టులో బలహీనుడు ఇంట్లో ఆగలేడు.

నీళ్ళ విషయంలో రెండు అతులూ మంచివి కావు. పరగడుపున నీళ్ళు తాగకుండా నడిస్తే మంచిదన్నది వేసవికి పనికిరాని మాట. బయలుదేరే ముందు ఒక గ్లాసు, మధ్యలో కొద్దికొద్దిగా, తర్వాత దాహాన్ని బట్టి తాగాలి. అలాగని భయంతో లీటర్లకు లీటర్లు వట్టి నీళ్ళు పట్టించడమూ సరికాదు, రక్తంలోని ఉప్పు పలచబడుతుంది. 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షించిన 488 మంది పరుగువీరుల్లో 13 శాతం మందికి రక్తంలో సోడియం ఉండాల్సినదానికంటే తక్కువగా ఉంది. గంట లోపు వ్యాయామానికి మంచినీళ్ళు సరిపోతాయి. చెమట ఎక్కువ పోయిన రోజున ఉప్పు వేసిన పలచటి మజ్జిగో, ఓఆర్ఎస్సో చాలు. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు ఉప్పూ నీళ్ళూ డాక్టరు చెప్పిన కొలతలోనే తీసుకోవాలి.

ఇన్ని జాగ్రత్తల తర్వాత కూడా ఎవరైనా తడబడి కూలబడితే, మాట తేడాగా ఉంటే, చెమట పడుతోంది కదా వడదెబ్బ కాదులే అనుకోవద్దు. శ్రమవల్ల వచ్చే వడదెబ్బలో చెమట పడుతూనే ఉండవచ్చు. ఒకరు 108కి ఫోన్ చేస్తుంటే, మిగిలినవారు అతణ్ణి నీడలోకి చేర్చి, చొక్కా విప్పి, బకెట్లతో, కుళాయి పైపుతో, దొరికిన ప్రతి సీసాతో ఒళ్ళంతా తడుపుతూ గట్టిగా విసరాలి. అంబులెన్సు వచ్చేదాకా ఆపకూడదు. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్ళు పోయకూడదు. చల్లబరచడంలో పోయే ప్రతి నిమిషమూ మెదడుకూ, కాలేయానికీ, మూత్రపిండాలకూ నష్టమే. కనుక ఏ జట్టైనా వేసవి మొదలయ్యేలోపు ఒక్క సమావేశం పెట్టుకుని నాలుగు సంగతులు తేల్చుకోవాలి. సూర్యోదయాన్ని బట్టి వేళ ఏది, మైదానంలో నీళ్ళ కుళాయి ఎక్కడ, ఎవరి పక్కన ఎవరు నడుస్తారు, ఆపేయమని చెప్పే అధికారం ఎవరిది. ఈ నాలుగోది అన్నిటికంటే ముఖ్యం. ఆ అధికారం జట్టులో ప్రతి ఒక్కరికీ ఉండాలి. కొత్తగా చేరినవారు ఆపుదామన్నా, అందరికంటే వెనకున్నవారు ఆపుదామన్నా జట్టు ప్రశ్న వేయకుండా ఆగాలి. ఆ నియమం పెట్టుకున్న జట్టు ఎండాకాలంలోనూ మైదానానికి ధైర్యంగా రావచ్చు, వచ్చినవాళ్ళందరినీ క్షేమంగా ఇళ్ళకు పంపించవచ్చు.